ఆడవాళ్ళ వైపు

పోయినవారం మనం జీవరత్నాన్ని పటమటలో, మేడమీది హాల్లో, ఒక ముసలమ్మ ఎదుట నోట మాట లేకుండా నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అలాగే నిలబడి ఉంది. పోయినవారం పత్రికని పక్కింటివాళ్ళు పట్టుకుపోతే ఇంకా తిరిగి రానివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి, ఆవిడ దగ్గరికి వెళదాం.

జీవరత్నం విశ్వవిద్యాలయం వారి చిత్రశాలకు సీనియర్ క్యూరేటర్. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది గాని, చిత్రశాల అంటే ఒక హాలు, రెండు గదులు. కింద ఎరువుల డిపో, పైన కళ. ఎండెక్కేసరికి యూరియా ఘాటు మెట్లెక్కి వచ్చి తోలుబొమ్మల పక్కన కూర్చుంటుంది. అయినా నాలుగేళ్ళుగా ఊరూరా తిరిగి, అటకలు దులిపి, చెదల నోట్లోంచి లాక్కొచ్చి, అంతకుముందు పెట్టెల్లో పడి ఉన్నవాటితో కలిపి నూట పద్ధెనిమిది వస్తువులకు ప్రాణం పోసింది ఆవిడ. ఈ గురువారం హైదరాబాదు నుంచి కమిటీ వస్తోంది. వాళ్ళకి నచ్చితే కొత్త క్యాంపస్‌లో చిత్రశాలకు సొంత భవనం. నచ్చకపోతే అన్నీ ఏ గోదాములోకో వెళ్ళిపోతాయి. హాలు మాత్రం ఎటు తిరిగీ శుక్రవారం నుంచి పరీక్షల విభాగానిదే.

కమిటీకి చూపించడానికి ఆవిడ నమ్ముకున్నది ముప్ఫై ఒకటో నంబరు. ఆరడుగుల ఎత్తు, పద్నాలుగు అడుగుల పొడవున్న కలంకారీ తెర అది. పామర్రు పక్క ఒక పాలెంలోని చర్చి నుంచి తొమ్మిదేళ్ళ కిందట వచ్చింది. దానిమీద ఏసుప్రభువు పడవలో కూర్చుని బోధిస్తుంటాడు. పడవ చూస్తే కొల్లేటి పడవ, శిష్యులు చూస్తే తలగుడ్డలు చుట్టి వల లాగుతున్న కొల్లేటి జాలర్లు, గట్టున గూడబాతులు. కింద చీటీమీద జీవరత్నం సొంత దస్తూరీతో 'చిత్రకారుడు: తెలియదు' అని ఉంటుంది.

సోమవారం మధ్యాహ్నం పామర్రు బస్సు దిగి వచ్చిన సంపూర్ణమ్మ అనే డెబ్బై ఏళ్ళ ముసలావిడ ఆ తెర ముందు పది నిమిషాలు నిలబడి, "మగాళ్ళ వైపు బాగానే ఉంచారు. మా వైపేం చేశారమ్మాయ్?" అని అడిగింది. అక్కడ ఆపాం.

* * *

"మీ వైపేమిటి మామ్మగారూ?" అంది జీవరత్నం ఎట్టకేలకు.

"ఆడాళ్ళ వైపు," అంది సంపూర్ణమ్మ, ఇంత చిన్న సంగతి తెలీకుండా ఇంత పెద్ద ఉద్యోగం ఎలా చేస్తున్నావన్నట్టు చూస్తూ. "మా పాకగుళ్ళో మగాళ్ళు అటు, ఆడాళ్ళు ఇటు. మధ్యన ఈ తెర. అయ్యగారు అటేపు నిలబడి వాక్యం చెప్పేవోరు. మాకు మాట వినపడేది గాని మనిషి అగుపడేవోడు కాదు."

జీవరత్నమూ చర్చిలో పెరిగిన పిల్లే. తండ్రి కృపానందం మాస్టారు మిషన్ స్కూలు హెడ్మాస్టరు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క చాపలమీద కూర్చోవడం బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. అయినా ఈ తెరని పాలెంవాళ్ళు గోడకి ఆనించి కట్టుకున్నారనే ఇన్నాళ్ళూ అనుకుంది. గోడలున్న చర్చిలో పెరిగినవాళ్ళకి అలాగే తోస్తుంది మరి.

"మా నాయనా అమ్మా బందరులో అద్దకం పనికి పోయేవోళ్ళు," సంపూర్ణమ్మ చెప్పుకుపోతోంది. "నాయన ఈ తెర గీసి గుళ్ళో కట్టాడు. కట్టిన మొదటి ఆదివారమే గొడవ. మగాళ్ళకేమో ప్రభువు మొహం, మాకేమో ఊరిన మరకలు. 'మేం చేసిన పాపమేంటి, ప్రార్థనంతా మరకల్ని చూస్తా కూచోడానికి?' అని మా మేనత్త గుళ్ళోనే లేచి అడిగేసింది. ఆ పూట మా నాయనకి ఇంట్లో కూడు లేదు. మర్నాడు మా అమ్మ కలం పట్టుకుంది."

"ఏం గీశారు?"

"నల్లగీత గుడ్డలో ఊరి ఇటేపుకి దిగుద్ది గదా? అటేపు పడవ ఇటేపు లీలగా అగుపడతానే ఉంది. మా అమ్మ అటేపుకి దిగనంత పలచటి నలుపుతో దానికి రెండు తాళ్ళు గీసి పైనుంచి వేలాడదీసింది. పడవ కాస్తా ఉయ్యాలైంది. వల లాగే చేతులన్నీ ఉయ్యాలూపే చేతులైనాయి. అందులో చంటి ప్రభువుని పడుకోబెట్టింది. ఇంక మా ఆడాళ్ళని చూడాలి, మగాళ్ళ వైపుకన్నా మా వైపే బాగుందని ఒకటే మిడిసిపాటు."

సంపూర్ణమ్మ నవ్వింది. జీవరత్నానికి మాత్రం నవ్వు రాలేదు.

గబగబా గదిలోకి వెళ్ళి బీరువాలోంచి రిజిస్టరు తీసింది. చిత్రశాలలోకి వచ్చిన ప్రతి వస్తువుకీ అందులో ఒక పేజీ. ముప్ఫై ఒకటో నంబరు పేజీలో, రెండేళ్ళ కిందటి తేదీతో, తన ముత్యాల్లాంటి అక్షరాలతోనే రాసి ఉంది. 'వెనుకవైపు: మసి, నూనె, రంగు ఊరిన మరకలు. బట్ట నీరసించినది. వెనుక అస్తరు వేయించడమైనది.' కింద తన సంతకం.

ఆ రోజు గుర్తుంది ఆవిడకి. తెర ముందువైపు శుభ్రం చేయడానికి పదిహేను రోజులు పట్టింది. ఒక్కో గూడబాతుని దూదితో ఒత్తి ఒత్తి తుడిచింది. వెనకవైపు చూడటానికి పదిహేను నిమిషాలు కేటాయించింది. నల్లగా, జిడ్డుగా ఉంది. బట్ట చిరిగిపోకుండా వెనక కొత్త గుడ్డ అతికిస్తే నలభై ఏళ్ళు ఢోకా లేదని సంతోషపడింది కూడా. ఇప్పుడు ఆ సంతోషం తలుచుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఆవిడ హాల్లోకి తిరిగి వచ్చి, దాచకుండా చెప్పేసింది. "మామ్మగారూ, మీ వైపు నేనే మూసేశాను. మసీ నూనే తప్ప ఏమీ లేదనుకున్నాను."

సంపూర్ణమ్మ కోప్పడుతుందనీ, శపిస్తుందనీ అనుకుంది. ఆవిడ తల పంకించింది. "దీపం మా వైపే పెట్టేవోళ్ళు గదా, మసి మాకే. ఆముదం తలల పిల్లలు ఆ తెరకి ఆనుకునే నిద్దరపోయేవోళ్ళు. నూనె కాక అత్తరుంటదా?" అని ఒక్క క్షణం ఆగి, "మూసింది నువ్వేగా? తెరువు," అంది.

* * *

తెరవడం నోటితో అన్నంత తేలికైతే ఈ వారం కథ ఇక్కడితో అయిపోయేది. అస్తరుని ఏ జిగురుతో అంటించారన్నదే అసలు ప్రశ్న. ఆ రోజుల్లో జీవరత్నం ఒక విదేశీ పుస్తకం చదివి, మద్రాసు నుంచి ఒక జిగురు డబ్బా తెప్పించింది. దాంతో అతికితే నూరేళ్ళయినా ఊడదని డబ్బామీద రాసి ఉంది. అప్పుడు అది గొప్పగా కనిపించింది. ఇప్పుడు కావలసింది అది ఊడటమే.

ఆ పని చేసినవాడు జక్కయ్య. పాత పుస్తకాలకు బైండింగ్ చేస్తూ చేస్తూ, చిత్రశాలలో చిరిగినవీ విరిగినవీ బాగుచేసే ఉద్యోగంలో కుదురుకున్న మనిషి. అరవై దగ్గర పడుతున్నాడు. జీవరత్నం పిలవగానే చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"జక్కయ్యా, ముప్ఫై ఒకటికి అస్తరు వేసింది మద్రాసు జిగురుతోనేనా?"

జక్కయ్య నీళ్ళు నమిలాడు. ముసలమ్మని చూశాడు, పైకప్పుని చూశాడు, తన చేతుల్ని చూసుకున్నాడు. "అంటే... అమ్మగారూ... ఆ డబ్బా మూత తీస్తే తల తిరిగిందండీ. అంత ఘాటుది పాతగుడ్డకి పడదేమోనని..."

"అని?"

"మైదాపిండి ఉడకేసి, చిటికెడు మైలుతుత్తం కలిపి, మా బైండింగ్ జిగురుతోనే అంటించానండీ. మీరు తిడతారని చెప్పలేదు. డబ్బా అలాగే ఉంది, కావాలంటే తెచ్చి చూపిస్తాను."

రెండేళ్ళపాటు దాచిన తప్పు బయటపడ్డందుకు జక్కయ్య తల దించుకుని నిలబడ్డాడు. జీవరత్నానికి ఆ మనిషి కాళ్ళమీద పడాలనిపించింది. తన మాట వినకుండా తనని కాపాడిన మనిషిని ఏమని మెచ్చుకోవాలో తెలియక, "మంచి పని చేశావు," అని మాత్రం అంది. జక్కయ్య అనుమానంగా చూశాడు. మైదా జిగురు నీళ్ళకి నానుతుంది. నానితే ఊడుతుంది.

"మరి నీళ్ళు తగిల్తే రంగులు కారిపోవా అమ్మగారూ?" అన్నాడు.

"కారిపోతాయా!" అంది సంపూర్ణమ్మ. "పారే కాలవలో నడుంలోతు నీళ్ళలో నిలబడి పొద్దస్తమానం ఉతికితే తేలిన రంగులివి. నీ చెంబుడు నీళ్ళకి బెదురుతాయా?"

జీవరత్నం ఆ మాట నమ్మింది. నమ్మినా ఆవిడ క్యూరేటరు. మెత్తటి తెల్ల దూదిని తడిపి, ముందువైపు ఒక మూల, ఒక్కో రంగుమీదా ఒత్తి పట్టుకుని చూసింది. నలుపు కదల్లేదు. ఎరుపు కదల్లేదు. నీలం కదల్లేదు. పసుపు దగ్గర మాత్రం దూదికి లేతగా అంటింది. ముగ్గురూ ఆ దూదిని చూశారు.

"పసుపు అమ్మ వెయ్యలేదు. అది నాయన వేసిందే," అంది సంపూర్ణమ్మ, తప్పు తమ వైపుది కాదన్నట్టు.

"అయితే పసుపున్న చోటికి వెళ్ళొద్దు. కింది అంచునుంచి మొదలుపెడదాం," అంది జీవరత్నం.

* * *

రెండు పొడవాటి బల్లలు కలిపి, వాటిమీద తెల్లటి అద్దుడు కాగితాలు పరిచి, తెరని బోర్లా పడుకోబెట్టారు. జక్కయ్య చెంబుతో నీళ్ళు తెచ్చాడు. సరిగ్గా అప్పుడే మెట్లమీద బూట్ల చప్పుడైంది.

రిజిస్ట్రారు వెంకటకృష్ణారావుగారు. కమిటీకి కుర్చీలు సరిపోతాయో లేదో చూసుకుందామని వచ్చారు. దుర్మార్గుడేమీ కాదు. అన్నీ పద్ధతి ప్రకారం జరగాలనుకునే మనిషి, అంతే. అటువంటి మనిషి కళ్ళముందు చిత్రశాల మొత్తానికి పేరు తెచ్చిన వస్తువు బోర్లా పడి ఉంది, పక్కన చెంబుతో నీళ్ళున్నాయి. ఆయనకి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏమిటిది మేడమ్? గురువారం కమిటీ అండీ!"

జీవరత్నం జరిగినదంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. వింటూనే తల అడ్డంగా ఊపారు. "ఆవిడ చెప్పింది నిజమే కావచ్చు. కాదనను. శుక్రవారం దాకా ఆగండి. కమిటీ వెళ్ళాక మీ ఇష్టం వచ్చినట్టు తడుపుకోండి."

"శుక్రవారం ఇది ఇక్కడ ఉండదు సార్. కమిటీకి నచ్చితే కొత్త భవనం లేచేదాకా, రెండేళ్ళు, పెట్టెలో ఉంటుంది. నచ్చకపోతే గోదాములో పెట్టెలో ఉంటుంది. ఎటు తిరిగీ పెట్టెలోకే."

"పెట్టెలో ఉంటే చెడిపోదుగా? తడిస్తే చెడిపోవచ్చు. మధ్యలో చిరిగిందనుకోండి, గురువారం వాళ్ళకి ఏం చూపిస్తారు?"

"తెలియక రెండేళ్ళు సగమే చూపించాను. ఇప్పుడు తెలిసి కూడా సగం చూపించి, ఇదే మా తెర అని వాళ్ళతో ఎలా చెప్పను సార్?"

వెంకటకృష్ణారావుగారు సంపూర్ణమ్మ వైపు తిరిగారు. "ఏమ్మా, తొమ్మిదేళ్ళ కిందట మీ చర్చివాళ్ళే కదా ఇచ్చింది? అప్పుడెందుకు అడగలేదు మీరు?"

"ఇచ్చినోళ్ళు మమ్మల్ని అడిగితే గదా బాబూ, మేం అడగడానికి? స్లాబు గుడి కట్టాం, ఇంక తెర దేనికని మగాళ్ళు మాట్లాడుకుని ఇచ్చేశారు. వాళ్ళ వైపు వాళ్ళు ఇచ్చుకున్నారు, బాగానే ఉంది. దాంతోపాటు మా వైపు కూడా పోయింది."

"సరే, తొమ్మిదేళ్ళూ ఊరుకుని ఇవ్వాళే ఎందుకు వచ్చారు?"

అప్పటిదాకా గలగలా మాట్లాడిన సంపూర్ణమ్మ బల్ల అంచు పట్టుకుని కిటికీ వైపు చూసింది. "అది తరవాత చెప్తా బాబూ. ముందు తియ్యనీ," అంది.

జీవరత్నం ఒక తెల్లకాగితం తీసుకుని, ముప్ఫై ఒకటో నంబరు తెరకు ఈ రోజు ఏమి జరిగినా దానికి పూర్తి బాధ్యత తనదేనని రాసి, సంతకం పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన కాగితం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. వెళ్ళిపోతారనుకున్నారు అందరూ. ఆయన కమిటీ కోసం తెచ్చిన కుర్చీల్లో ఒకటి లాక్కుని కూర్చున్నారు.

జక్కయ్య స్పాంజితో అస్తరుమీద కొద్దికొద్దిగా తడి అద్దాడు. పావుగంట ఆగి, సన్నగా చెక్కిన వెదురుబద్ద మూలలో దూర్చి, ఊపిరి బిగబట్టి పైకెత్తాడు. నానిన మైదా తెల్లగా తీగలు సాగింది. బెత్తెడు గుడ్డ లేచింది.

కింద ఏమీ లేదు.

మసిబారిన వట్టి గుడ్డ. ఇంకో బెత్తెడు లేచింది. అదీ వట్టిదే. రిజిస్ట్రారుగారు గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు అందరికీ అర్థమైంది. జీవరత్నం ఆయన జేబులోకి వెళ్ళిన కాగితం గురించి ఆలోచించకుండా ఉండటానికి నానా తంటాలూ పడుతోంది. ముసలావిడ జ్ఞాపకమే తప్పైతే? ఎప్పుడో చిన్నప్పుడు చూసినది పెద్దయ్యాక పెరిగి పెద్దదైతే?

"ఇంకా లోపలికి పోవాలి," అంది సంపూర్ణమ్మ. గొంతులో ఏ బెరుకూ లేదు. "ఆ చివర ఇంకా రాలేదు ఎవరూ."

రానిదెవరో అడిగే ధైర్యం జీవరత్నానికి లేకపోయింది. జక్కయ్య మళ్ళీ తడి అద్దాడు. నాలుగైంది. కింద డిపోలో బస్తాలు లారీకెక్కిస్తున్న కూలీల కేకలు వినబడుతున్నాయి. మూడో బెత్తెడు లేచింది.

ఒక మోకాలు కనబడింది. తర్వాత మోకాలిమీద పెట్టుకున్న చెయ్యి. జీవరత్నం దూది తడిపి మసిమీద మెల్లగా ఒత్తింది. ఒత్తిన కొద్దీ ఎర్రచీర అంచు తేలింది, మెడ తేలింది, మొహం తేలింది. జానెడు ఎత్తున కూర్చున్న ఆడమనిషి. బుగ్గలో వక్క పెట్టుకుని, నవ్వు ఆపుకుంటున్నట్టు పెదాలు బిగించి, సూటిగా వీళ్ళ వైపే చూస్తోంది.

"తెరేసమ్మ," అంది సంపూర్ణమ్మ, బజార్లో ఎదురైన మనిషిని పలకరించినట్టు. "గుళ్ళో వక్క నమలొద్దే అంటే వినేది కాదు."

కుర్చీ కాళ్ళు కిర్రుమన్నాయి. రిజిస్ట్రారుగారు లేచి వచ్చి జక్కయ్య భుజం మీదుగా తొంగి చూశారు.

తెరేసమ్మ పక్కన ఇంకొకావిడ తేలింది. ఆవిడ పక్కన మరొకావిడ. వరసగా కూర్చున్నారు, ఒక చెయ్యి పైకెత్తి ఉయ్యాల ఊపే తాళ్ళు పట్టుకుని. ఉయ్యాల ఇంకా అస్తరు కిందే ఉంది, తాళ్ళ కొసలు మాత్రం కనబడుతున్నాయి. సంపూర్ణమ్మ ఒక్కొక్కరి పేరూ చెబుతోంది.

"వీళ్ళంతా ఎవరు మామ్మగారూ?"

"పోయినోళ్ళు. మా పాలెంలో ఏ యేడు ఏ ఆడమనిషి పోతే, ఆ యేడు ఈస్టరు మర్నాడు ఆ మనిషిని ఇక్కడ గీసేది అమ్మ. పోయినా గుడి మానకూడదు గదా? ఆదివారం మేం వెళ్ళేసరికి వాళ్ళు ముందే వచ్చి కూచునేవోళ్ళు."

జీవరత్నం కళ్ళు తుడుచుకుంది. ఆ కళ్ళతోనే, అలవాటు ఊరుకోదు కాబట్టి, గీతలు చూడటం మొదలుపెట్టింది. మొదట తేలిన నలుగురి కనుబొమలూ ఒకే ఊపులో, లావుగా, తెగించి గీసినవి. అయిదో ఆవిడదీ అంతే. ఆరో ఆవిడ దగ్గర గీత మారిపోయింది. సన్నగా, ఆగి ఆగి, ముద్దుగా ఉంది.

"ఇక్కడిదాకా ఒకరి చెయ్యి," అంది అయిదో ఆవిడమీద వేలు ఆనకుండా చూపిస్తూ. "ఇక్కణ్ణుంచి లోపలికి వేరేవాళ్ళ చెయ్యి."

సంపూర్ణమ్మ మెచ్చుకోలుగా చూసింది. "ఉద్యోగం ఊరికే ఇవ్వలేదు నీకు. ఆ ఆరోది మా మేనత్త, అమ్మ గీసింది. నోరు చూడు, ఇంకా అడుగుతానే ఉంది. అయిదోది మా అమ్మ."

"మరి అమ్మని..."

"అమ్మ పోయిన యేడు అమ్మని ఎవరు గీస్తారు? నేనే గీశాను. అప్పట్నుంచీ నేనే."

జీవరత్నం తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది. మధ్యాహ్నం రెండు గంటల నుంచీ ఈ మనిషి తన ఎదురుగానే ఉంది. నాలుగేళ్ళుగా చీటీమీద 'తెలియదు' అని తను రాసిపెట్టిన చిత్రకారుల్లో ఒకరు, అరిగిన కాళ్ళతో, ముతక చీరతో, బస్సు దిగి తనంతట తనే నడిచి వచ్చారు. ఈ హడావిడిలో ఆవిడకి మంచినీళ్ళయినా ఇవ్వలేదు. పరుగున వెళ్ళి కూజాలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి రెండు చేతులతో అందించింది.

సంపూర్ణమ్మ నీళ్ళు తాగి, గ్లాసు కిందపెట్టి, బల్ల చివర మొదట తేలిన ఆ వట్టి గుడ్డ దగ్గరికి వెళ్ళింది.

"తొమ్మిదేళ్ళు ఎందుకు రాలేదని అడిగావు గదా బాబూ," అంది రిజిస్ట్రారుగారితో. "ఈ తొమ్మిదేళ్ళలో పదకొండుమంది పోయారు మా పాలెంలో. వాళ్ళకోసం రావాల్సింది. మగాళ్ళని తిట్టుకుంటా ఊరుకున్నాను. మొన్న కార్తీకంలో ఉప్పెనొచ్చింది గదా. మా అమలమ్మని దివిసీమలో ఇచ్చాను. నా ఒక్కగానొక్క కూతురు. ఇల్లు లేదు, మనిషి లేదు. మట్టి చెయ్యడానికి కూడా దొరకలేదు."

వెంకటకృష్ణారావుగారు తల దించుకున్నారు.

"ఫోటో తీయించుకోమంటే సిగ్గుపడేది. ఒక్కటి కూడా లేదు. నా కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమదాంట్లోనూ శుక్లం దిగుతోందని డాక్టరు చెప్పాడు. దాని మొహం ఇంక లోకంలో ఎక్కడా లేదమ్మాయ్, ఇక్కడ తప్ప." కుడిచేతి వేళ్ళు చాపి చూపించింది. ఆ వేళ్ళు వణకడం లేదు.

రొంటినుంచి చిన్న గుడ్డమూట తీసి బల్లమీద విప్పింది. నూలు చుట్టిన వెదురు కలం. బిరడా బిగించిన చిన్న సీసా, నిండా నల్లరంగు. "బెల్లం నీళ్ళలో ఇనపతుప్పు వేసి ఇరవై రోజులు పులియబెట్టాను. గుడ్డ పొద్దుటికి ఆరుద్ది. నలుపు నిలవడానికి కరక్కాయ నీళ్ళు పట్టించి మొదలెడతాను. ముందు మా అమలమ్మ. చూపుంటే మిగతావోళ్ళు."

జీవరత్నం ఆ కలాన్ని చూస్తూ ఉండిపోయింది. బరోడాలో చిత్రశాలల చదువులో చేరిన మొదటి రోజు నేర్చుకున్న మొదటి పాఠం, తను విద్యార్థులకి వందసార్లు చెప్పిన పాఠం ఒక్కటే. వస్తువుని కాపాడు, దానికి ఏదీ చేర్చకు. నూట పద్ధెనిమిదింటిలో దేనిమీదా ఆవిడ పెన్సిలు చుక్క కూడా పెట్టనిచ్చిన పాపాన పోలేదు.

"జీవరత్నంగారూ," అన్నారు వెంకటకృష్ణారావుగారు. ఆయన గొంతులో అధికారం లేదు. అది ఉంటేనే బాగుండేది, ఎదురు చెప్పడం తేలికయ్యేది. "అస్తరు తీశారు, సరే. దాన్ని నేను కమిటీకి సర్దిచెప్పుకోగలను. మీ కాగితం చింపేస్తాను కూడా. కాని విశ్వవిద్యాలయం వస్తువు మీద కొత్తగా ఒక్క గీత పడిందంటే గురువారం నేను మీ పక్కన నిలబడలేను. భవనం సంగతి వదిలెయ్యండి, మీ ఉద్యోగం కూడా ఉండదు. ఆవిడకి మీరే చెప్పండి."

జక్కయ్య వెదురుబద్ద పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు. సంపూర్ణమ్మ ఎవరినీ బతిమాలలేదు. వట్టి గుడ్డమీద జానెడు కొలుచుకుంటోంది, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చూసుకుంటున్నట్టు.

జీవరత్నం తన కుర్చీని కిటికీ వెలుగులోకి జరిపి, ముసలావిడని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. బల్లమీది కలం తీసి ఆవిడ చేతిలో పెట్టి, తను పక్కనే నేలమీద చతికిలబడింది.

"మామ్మా," అంది, "అమలమ్మ పాపిడి నడిమికి తీసేదా, పక్కకా?"